రిజిస్టరు అంచున చుక్కలు

ఆ ఉదయం ఆకాశం ఎటూ తేల్చుకోలేక నిలబడి ఉంది. తూర్పున పిండి జల్లించినట్టు పలచటి మబ్బు. పడమట తోమి బోర్లించిన పళ్లెంలా నిగనిగలాడే నీలం. ఎండ వస్తున్నట్టే ఉంది, రావడం లేదు.

ఆరా తడిగడ్డిలో నిలబడి, మెడ ఎత్తి ఆ ఆకాశాన్ని లెక్కపెడుతోంది. ఎనిమిది ముక్కలు చేస్తే మూడు ముక్కల్లో మబ్బుంది. మూడే. ఇప్పుడు వచ్చే మనిషి నాలుగని రాశాడంటే దొంగ దొరికినట్టే.

ఆరా ఆమె అసలు పేరు కాదు. చీమ పాకినా ఎటు వెళ్తోందని ఆరా తీస్తుందని హాస్టల్లో పెట్టిన పేరు. పెట్టినవాళ్లు వెక్కిరింపుకే పెట్టారు గాని, ఆమె దాన్ని బిరుదులాగే తీసుకుంది. వాళ్ల నాన్న తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరు. కొట్లో అడుగుపెడితే త్రాసు ముల్లు కంటే ముందు కొట్టువాడి చిటికెనవేలు ఎక్కడుందో చూసే మనిషి. చిన్నప్పుడు ఆయన సైకిలు ముందు కూర్చుని ఊళ్లన్నీ తిరిగిన పిల్ల మరి.

యూనివర్సిటీ పొలాల చివర, కంచె వేసిన చిన్న ఆవరణ అది. మధ్యలో పొడుగుకాళ్ల మీద తెల్లపెట్టె. అందులో థర్మామీటర్లు. పక్కన వాన కొలిచే డబ్బా. గుంజ మీద గాలి ఎటు వీస్తే అటు తిరిగే ఇనుపబాణం. ఓ మూల పెంకుల కప్పుతో ఒంటిగది. రోజూ ఉదయం ఏడుకీ, మధ్యాహ్నం రెండుకీ ఒక విద్యార్థి వచ్చి వేడి, తేమ, గాలి, వాన, మబ్బు చూసి రిజిస్టరులో రాయాలి. ఆ పని ఎనిమిది నెలలుగా ఒక్కడే చేస్తున్నాడు. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని మబ్బు అంటారు. మబ్బులు లెక్కపెడతాడని కొంత, మాట్లాడడని కొంత.

రాత్రి మంచుకీ, వరి ఆకు మీద పడే మచ్చకీ ఉన్న సంబంధం ఆరా థీసిస్. దానికి ఆ ఎనిమిది నెలల అంకెలే పునాది. నిన్న ఆఫీసులో రిజిస్టరు తిరగేసిన దగ్గర్నుంచీ ఆమెకు నిద్ర లేదు. అంతకు ముందు రాసినవాళ్లు నెలకు ఆరేడు ఖాళీలు వదిలారు. సెలవు, జ్వరం, పెళ్లి, పరీక్ష. ఇతను ఒక్క పూట కూడా వదల్లేదు. ఆదివారాల్లేవు, పండుగల్లేవు. ఒక్క ఖాళీ కూడా లేని లెక్క ఎక్కడైనా ఉంటుందా? గదిలో కూర్చుని పేజీలు నింపేస్తే తప్ప?

ఆరు యాభై ఐదు. గేటు వైపు చూసింది. గేటు నుంచి గది దాకా గడ్డి మీద మంచు తెల్లగా పరుచుకుని ఉంది. అందులో ఒకే ఒక్క అడుగుల వరస. అది తనది.

"మూడు," అన్నారెవరో వెనకనుంచి.

ఉలిక్కిపడి తిరిగింది. పొడుగ్గా, సన్నగా ఉన్న కుర్రాడు. చంకలో రిజిస్టరు. చెవి వెనక ఇంకా ఆరని నీటిబొట్టు.

"ఏం మూడు?"

"మబ్బు. మీరు నాలుగంటారేమోనని చూస్తున్నా. పలచటి మబ్బుని చాలామంది రెండుసార్లు లెక్కేస్తారు."

"నేనూ మూడే అనుకున్నాను."

"అయితే సరే." వంగి వానడబ్బా మూత తీశాడు.

"మీరు ఎటునుంచి వచ్చారు?"

"ఇటునుంచే."

"ఇటంటే?"

"ఇటే."

"గడ్డి మీద మీ అడుగులు లేవు."

అతను డబ్బాలోకి చూస్తూనే, "తేలిగ్గా నడుస్తాను," అన్నాడు.

ఆరా నోట్‌బుక్ తెరిచింది. "ఎనిమిది నెలల్లో ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదట?"

"లేదు."

"జ్వరం కూడా రాలేదా?"

"వచ్చింది."

"మరి?"

"జ్వరంతోనే రాశాను."

"పోయిన నెల ఒకరోజు, 'తెల్లవారుజామున మూడు నలభైకి చినుకులు మొదలు, నాలుగూ పదికి ఆగాయి' అని రాశారు. ఆ టైముకి మీరిక్కడేం చేస్తున్నారు?"

"చినుకులు చూస్తున్నాను."

"ఎక్కణ్ణుంచి?"

"కిందనుంచి," అన్నాడతను. ముఖంలో నవ్వు లేదు. ఆరా ఎంత వెతికినా లేదు. అంకెలు రాసుకుని, గది వెనక్కి వెళ్లిపోయాడు.

ఆమె నోట్‌బుక్‌లో రాసుకుంది: 'మనిషి అనుమానాస్పదం. తల తడి.'

*

లేడీస్ హాస్టల్లో ఇద్దరికని కట్టిన గదిలో నలుగురుంటారు. మంచాలు రెండు, పరుపులు రెండు. ఆరా పరుపు తలుపు దగ్గర. ఎవరు బయటికెళ్లాలన్నా ఆమెను దాటుకునే వెళ్లాలి కాబట్టి, ఎవరు ఎప్పుడు లేచారో ఆమెకు తెలియకుండా పోదు. స్నానాలగది ముందు క్యూలో మనుషులు నిలబడరు, బకెట్లు నిలబడతాయి. ఎవరి బకెట్ ముందుంటే వాళ్ల వంతు. బకెట్లు జరిపే దొంగను పోయిన ఏడాది ఆరాయే పట్టుకుంది.

మంచం ఉన్న ఇద్దరిలో ఒకరు పెద్దక్క. నాలుగేళ్లుగా పీహెచ్‌డీ చేస్తోంది. ఆ గదిలో గోడలకున్న మేకుల్లో సగం ఆమె కొట్టినవే.

"అయితే ఆ మబ్బుగాడు దొంగలెక్కలు రాస్తున్నాడంటావ్," అంది పెద్దక్క, బట్టలు మడతపెడుతూ.

"అనడం కాదక్కా, చూస్తున్నా. రోజూ పొద్దున్నే వెళ్లి చూస్తా."

"రోజూనా?"

"రోజూ."

"మనిషి ఎలా ఉంటాడు?"

"పొడుగ్గా. చెవి వెనక..." ఆరా ఆగింది. "అదంతా ఎందుకిప్పుడు?"

"ఏం లేదమ్మా," అంది పెద్దక్క, మడతపెట్టిన చీరనే మళ్లీ మడతపెడుతూ. "దర్యాప్తు జాగ్రత్తగా చెయ్యి."

నవ్వులాటగా అన్నా, విషయం నవ్వులాట కాదు. థీసిస్ పరీక్షకు బయటినుంచి వచ్చే ఎగ్జామినర్ అంకెల మనిషి. పోయినసారి ఒక సీనియర్ లెక్కల్లో మూడు తప్పుడు అంకెలు పట్టుకుని మొత్తం ఏడాది వెనక్కి పంపాడు. ఆరా ఇంకో ఏడాది ఈ తలుపు దగ్గర పడుకోలేదు. వాళ్ల నాన్న ముందు, దొంగ అంకెలు వాడానని చెప్పి నిలబడనూ లేదు.

*

అలా మొదలైన నిఘా, ఆదివారాలు తప్ప, రెండు నెలలు సాగింది.

పొద్దున్నే ఆరా గేటు తీసేసరికి అతను అక్కడే ఉండేవాడు. ఎంత పొద్దున్నే వచ్చినా అంతే. ఒకరోజు ఆరున్నరకే వచ్చింది, ఉన్నాడు. ఇంకోరోజు ఆరుకే వచ్చింది. గది వెనక ఎవరో నీళ్లు పోసుకుంటున్న చప్పుడు. ఆమె గట్టిగా దగ్గింది. చప్పుడు ఠక్కున ఆగింది. పది నిమిషాల తర్వాత అతను రిజిస్టరుతో వచ్చాడు, తలలో సబ్బునురగ తెల్లగా మిగిలిపోయి.

"ఈరోజు ఎన్ని?" అనడిగాడు, ఏమీ ఎరగనట్టు.

"ఆకాశంలోనా? మీ తలమీదా?"

అతను చెయ్యి పెట్టి తడుముకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆరా రాసుకుంది: 'చెవులు ఎర్రబడును.' ఎందుకు రాసుకుందో ఆమెకే తెలియలేదు.

మబ్బుల దగ్గర రోజూ పేచీయే. ఆమె అయిదంటే అతను ఆరనేవాడు.

"అంచున ఉన్నదాన్ని వదిలేశారు," అనేవాడు.

"అది మబ్బు కాదు, పొగ."

"పొగయితే కదలాలి. నిలబడి చూడండి."

నిలబడి చూసేవారు. ఇద్దరూ మెడలెత్తి, పక్కపక్కన, ఆ అంచున ఉన్నది కదులుతుందా లేదా అని. కదలకపోతే అతను ఆరు రాసేవాడు. కదిలితే మాట్లాడకుండా అయిదు రాసేవాడు. ఓడిపోయినప్పుడు వాదించని మనిషిని ఆరా అంతకుముందు చూడలేదు. అదీ అనుమానంగానే తోచింది.

ఒక సాయంత్రం చీకటిపడ్డాక కంచె పక్కనుంచి వెళ్తుంటే ఉల్లిపాయలు వేగుతున్న వాసన వచ్చింది. చుట్టూ పొలాలు. ఇల్లన్నది లేదు. గది తలుపు మూసి ఉంది. గేటు దగ్గర స్టూలు మీద పొలాల వాచ్‌మన్ కూర్చుని ఉన్నాడు. బాబాయ్ అని పిలవని విద్యార్థి ఉండడు ఆయన్ని.

"బాబాయ్, ఈ వాసనేంటి?"

"ఏ వాసనమ్మా? నాకు జలుబు."

"ఆ తీగ మీద ఆరేసిన తువ్వాలు ఎవరిది?"

"నాదే."

"ఆ పళ్లపొడి డబ్బా?"

"నాదే తల్లీ. అన్నీ నావే."

ఆరా కిటికీ గట్టు మీదనుంచి ఒక వస్తువు తీసి చూపించింది. "ఈ దువ్వెన?"

"అదీ నా..." బాబాయ్ చెయ్యి దానంతటదే తలమీదికి వెళ్లింది. ఆ తల మీద ఒక్క వెంట్రుక లేదు. గేటు దీపం వెలుగు మొత్తం దానిమీదే పడుతోంది. ఆయన నీళ్లు నమిలాడు. "ఒకప్పటిదమ్మా. పారెయ్యబుద్ధి కాక."

ఆ మర్నాటి నుంచి నాలుగు రోజులు ఆరాకి జ్వరం. పదమూడు, పధ్నాలుగు, పదిహేను, పదహారు తారీఖులు తలుపు దగ్గరి పరుపు మీదే గడిచాయి. అందరూ ఆమెను దాటుకుంటూ పోయారు.

పదిహేడున వెళ్లేసరికి అతను గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ అక్కడ నిలబడని మనిషి.

"నాలుగు రోజులు రాలేదు," అన్నాడు.

"లెక్కపెడుతున్నారా?"

"లెక్కపెట్టడమే కదా నా పని." రిజిస్టరు తెరిచి, ఆకాశం వైపు చూడకుండానే కలంతో ఏదో రాసి మూసేశాడు.

చూడకుండా రాశాడు! ఆరా కళ్లారా చూసింది. మధ్యాహ్నం ఆఫీసుకి వెళ్లి ఆ పేజీ తీసింది. అంకెలన్నీ వేరే సిరాలో, సరిగ్గానే ఉన్నాయి. వాటి పక్కన అంచున, గోరంత కూడా లేని ఒక నల్ల చుక్క. వెనక్కి తిప్పింది. చుక్కలు చాలా ఉన్నాయి. రెండు నెలల కిందట మొదలయ్యాయి. కొన్ని తారీఖులకు ఉన్నాయి, కొన్నిటికి లేవు. అంతకుముందు ఎనిమిది నెలల్లో ఒక్కటీ లేదు.

దొంగలెక్క రాసేవాడు ఏది నిజం, ఏది కల్పితం అని తనకోసం గుర్తు పెట్టుకుంటాడు. నాన్న పట్టుకున్న కొట్లలో అలాంటి గుర్తులు ఎన్ని చూడలేదు!

దొరికాడన్న సంతోషం రావాలి. రాలేదు. రెండు నెలలుగా తను కోరుకున్నది అతను దొరకాలనో, దొరక్కూడదనో ఆ క్షణాన ఆమెకు తెలియకుండా పోయింది. అలాంటి సందేహం వచ్చినందుకు తనమీద తనకే కోపం వచ్చి, అక్కడే కూర్చుని హెడ్డుగారికి ఉత్తరం రాసింది. మూడు పాయింట్లు. ఒకటి, ఒక్క ఖాళీ కూడా లేదు. రెండు, రాత్రివేళల పరిశీలనలు నమ్మశక్యంగా లేవు. మూడు, అర్థంకాని చుక్కలు. తనిఖీ చెయ్యవలసిందిగా ప్రార్థన.

శుక్రవారం ఇచ్చింది. హెడ్డుగారు ఊరికి బయల్దేరుతూ, కళ్లజోడు ఎత్తి చదివి, "సోమవారం ఉదయం ఏడుకి ముగ్గురం అక్కడ కలుద్దాం," అన్నారు.

*

శనివారం ఆఫీసు క్లర్కు పాత కాగితాల కట్ట ఒకటి ఆమె ముందు పడేశాడు. "ఆ ఆవరణవే. ఎవరూ చూడనివి. పనికొస్తాయేమో చూడండి."

అవి డ్రమ్ము కాగితాలు. గడియారంలా మెల్లగా తిరిగే ఇత్తడి డ్రమ్ము ఒకటుంటుంది. దానికి చుట్టిన కాగితం మీద ఒక కలం, చుట్టూ ఉన్న వేడి ఎంతో వారమంతా గీస్తూ పోతుంది. వేడి పెరిగితే గీత పైకి, తగ్గితే కిందికి. తెల్లపెట్టె కాలుకి చెద పట్టిందని ఆ డ్రమ్మును మూడు నెలల కిందట తీసి ఒంటిగదిలో అల్మరాలో పెట్టారు. గదిలో వేడితో ఎవరికీ పనిలేదు. గడియారం బిగుసుకుపోకుండా మబ్బే వారంవారం కీ ఇచ్చి, కాగితం మార్చి ఆఫీసుకి పంపుతున్నాడు, అంతే.

ఆరా మొదటి కాగితం చూసింది. పగలంతా గీత సాఫీగా పైకెళ్లి, సాయంత్రం సాఫీగా దిగుతోంది. దిగుతూ దిగుతూ, ఏడున్నర దగ్గర ఉన్నట్టుండి నాలుగు గళ్లు లేచి, అరగంటలో మళ్లీ పడింది. చిన్న గూని. పొద్దున ఆరుంబావుకి ఇంకో చిన్న గూని.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఆదివారం కూడా.

కట్టంతా తిరగేసింది. పదమూడు వారాలు. సూర్యుడు గతి తప్పినా ఆ గూనులు తప్పలేదు. రోజూ ఏడున్నరకు మూసిన గదిలో నాలుగు డిగ్రీలు పెంచేది ఏముంటుంది?

ఉల్లిపాయల వాసన గుర్తొచ్చింది. తువ్వాలు గుర్తొచ్చింది. అడుగుల్లేని మంచు, సబ్బునురగ, బట్టతల బాబాయ్ దువ్వెన అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి, బకెట్లు నిలబడ్డట్టు.

ఆ కలం గీసింది ఎండవేడి కాదు. అన్నం.

అతను ఎక్కణ్ణుంచో రావడం లేదు. అక్కడే ఉంటున్నాడు. మూడు నలభైకి చినుకులు పడితే పెంకుల మీద విని లేచి చూశాడు. అంకెలన్నీ నిజం. ఒక్కటి కూడా దొంగది కాదు. ఒక్క ఖాళీ కూడా లేనిది అందుకే.

ఆ సంతోషం ఒక్క క్షణమే నిలిచింది. డిపార్ట్‌మెంట్ గదిలో కాపురం ఉంటే ఏం చేస్తారో ఆమెకు తెలుసు. పరీక్షలు ఐదు వారాల్లో ఉన్నాయి. సోమవారం ఏడుకి హెడ్డుగారిని తీసుకొస్తున్నది ఎవరు? తనే.

"కొంప ముంచాను," అంది ఆరా పైకే. క్లర్కు తలెత్తి చూశాడు.

*

ఆదివారం సాయంత్రం ఆమె గది తలుపు తట్టలేదు. నిలబడి గట్టిగా అంది: "మీ అన్నం ఏడున్నరకు ఉడుకుతుంది. కూర అరగంట. పొద్దున ఆరుంబావుకి టీ."

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది.

గది శుభ్రంగా ఉంది. ఒక మూల చాప, దానిమీద చుట్టిన పరుపు. ఇంకో మూల కిరసనాయిలు స్టవ్వు, రెండు గిన్నెలు. గోడకు తగిలించిన రెండు చొక్కాలు. అల్మరాలో ఇత్తడి డ్రమ్ము టిక్కుటిక్కుమంటూ తిరుగుతోంది. ఆరా దాన్ని చూపించింది. అతను దగ్గరికి వెళ్లి, కలం గీసిన గూనులను వేలితో మెల్లగా తడిమాడు.

"ఇది నా అన్నాన్ని కూడా రాస్తుందని తోచలేదు," అన్నాడు.

"హాస్టల్ ఎందుకు తీసుకోలేదు?"

"ఇవ్వలేదు. నలభై కిలోమీటర్ల లోపు ఊరివాళ్లకి ఇవ్వరు. మా ఊరు ముప్పై ఎనిమిది."

"రెండు కిలోమీటర్లకా!"

"రెండే. మా ఇల్లు ఊరి చివర. ఇల్లు కొలిస్తే నలభయ్యే. వాళ్లు ఊరి మొదట్లో బస్టాపు దాకా కొలిచారు." ఆగి, మళ్లీ అన్నాడు, "క్లాసు ఆరుకి వదులుతారు. మా ఊరి ఆఖరి బస్సు అయిదుకి. బయట గదులు అడిగితే, ఒంటరి కుర్రాడివి, వంట చేస్తావు, గోడలు మసిబారతాయి అన్నారు. తాళం నా దగ్గరే ఉంది. వానొచ్చిన ఒకరోజు ఉండిపోయాను. తర్వాత..."

"తర్వాత పది నెలలు."

"అవును."

ఆరా చేతులు నలుపుకుంది. "నేను హెడ్డుగారికి ఉత్తరం ఇచ్చాను. రేపు ఏడుకి వస్తారు. నీ అంకెలు దొంగవని రాశాను." 'మీరు' ఎప్పుడు జారిపోయి 'నువ్వు' అయిందో ఇద్దరూ గమనించలేదు. "ఇప్పుడే సామాను తీసెయ్. బాబాయ్ గుడిసెలో పెట్టు. వచ్చేసరికి గది ఖాళీగా ఉంటే..."

"ఖాళీగా ఉంటే, మూడు నలభైకి చినుకులు చూసింది ఎవరు?"

ఆరా డ్రమ్ము వైపు చూసింది.

"నేనిక్కడ లేనంటే ఆ అంకెలు అబద్ధమవుతాయి. నీ థీసిస్ పోతుంది."

"పోతే పోనీ!"

"పోనివ్వను," అన్నాడు మబ్బు. అంత గట్టిగా అతను మాట్లాడటం ఆమె వినలేదు. "పది నెలలు చెయ్యి కాల్చుకుని తిన్నాను గాని, ఒక్క అంకె అబద్ధం రాయలేదు. రేపు నేనే చెప్తాను."

గుమ్మం దాకా వెళ్లి ఆరా వెనక్కి తిరిగింది. అలవాటు ఎక్కడికి పోతుంది? "మరి ఆ చుక్కలేంటి?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "అది వేరే లెక్క."

"ఏం లెక్క?"

"వాతావరణానికి సంబంధించింది కాదు," అని తలుపు వేసుకున్నాడు.

చూశారా, ఇంకా ఏదో దాస్తున్నాడు!

హాస్టల్ మెట్ల మీద కూర్చుని, థీసిస్ కోసం తెచ్చుకున్న పాత రిజిస్టర్లన్నీ ముందేసుకుంది. ఏదైనా ఒక దారి. ఎవరైనా, ఎప్పుడైనా అక్కడ ఉన్నట్టు ఒక ముక్క. అన్నిటికంటే పాతదాని అట్ట చేతికి మందంగా తగిలింది. రెండు అట్టలనూ బొటనవేలితో నొక్కి చూసింది. పైది మందం, కిందది పలచన. నాన్న తూకపురాళ్లను ఇలాగే నొక్కి, తట్టి, లోపల డొల్ల ఉందో లేదో చెప్పేవారు. దుకాణంవాడు నింపింది ఎక్కడో అక్కడ ఉబ్బుతుంది. అట్ట లోపలి గోధుమరంగు కాగితాన్ని గోటితో మెల్లగా లేపింది.

*

సోమవారం ఏడుకి ఆకాశం నిండా మబ్బే. ఎనిమిదికి ఎనిమిది. పేచీకి చోటే లేదు.

హెడ్డుగారు గొడుగుతో, ఉత్తరంతో వచ్చారు. బాబాయ్ గేటు దగ్గర స్టూలు మీదనుంచి లేచి, మళ్లీ కూర్చుని, మళ్లీ లేచాడు.

"ఏమయ్యా," అన్నారు హెడ్డుగారు, "ఈ అమ్మాయి నీమీద మూడు నేరాలు మోపింది. ఒక్కపూట కూడా మానకుండా ఎలా రాశావు?"

"ఇక్కడే ఉంటున్నాను సార్." తలుపు బార్లా తీశాడు. చాప, స్టవ్వు, గిన్నెలు, చొక్కాలు అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. "పది నెలలుగా. తప్పు నాదే. అంకెలు మాత్రం నిజం సార్."

హెడ్డుగారి ముఖం బిగుసుకుంది. "ఇది డిపార్ట్‌మెంటా, సత్రమా? పరికరాలున్న గదిలో నిప్పు పెడతావా? నేను రిజిస్ట్రారుకి రాస్తే ఏమవుతుందో తెలుసా?"

"తెలుసు సార్."

ఆరా ముందుకొచ్చింది. పాత రిజిస్టరు అట్ట తెరిచి పట్టుకుంది. "సార్, రాసేముందు ఇది చూడండి. ఈ ఆవరణ మొట్టమొదటి రిజిస్టరు. అట్ట కింద అంటించిన నిబంధనల కాగితం. మన డిపార్ట్‌మెంట్ ముద్రే."

హెడ్డుగారు కళ్లజోడు సర్దుకుని చదివారు: "'పరిశీలకుడు పరికరములకు నూరు అడుగుల లోపల నివసించవలెను. రాత్రివేళ కురియు వాన, మంచు మున్నగువానిని స్వయముగా చూచి రాయవలెను.'"

మళ్లీ చదివారు. మూడోసారి పెదవులు కదిపి చదివారు.

"దీన్ని రద్దు చేసినట్టు ఎక్కడా లేదు సార్. అన్ని రిజిస్టర్లూ చూశాను."

"నువ్వు చూశావంటే లేనట్టే," అన్నారాయన. కాసేపు గాలిబాణం వైపు చూశారు. "నివసించవచ్చును అని ఉంటే ఇవాళే వీణ్ణి బయటికి పంపేవాణ్ణి. నివసించవలెను అని ఉంది. అంటే ఇన్నేళ్లలో రూలు పాటించింది వీడొక్కడే. ఇంతకుముందు వాళ్లందరికీ మెమోలివ్వాలి." మబ్బు వైపు తిరిగారు. "ఉండు. పరిశీలకుడిగా ఉంటున్నట్టు ఇవాళే నాకు కాగితం రాసివ్వు. కానీ వంట వెనక వసారాలో. డ్రమ్ముకి నీ కూరల సంగతి అక్కర్లేదు."

బాబాయ్ స్టూలు మీద కూలబడ్డాడు.

"ఇక మూడోది," హెడ్డుగారు అతని చంకలోని రిజిస్టరు తీసుకుని వెనక్కి తిరగేశారు. "చుక్కలు. ఏమిటవి?"

మబ్బు ఆకాశం వైపు చూశాడు. అక్కడ చూడటానికేం లేదు.

"చెప్పవయ్యా. రెండు నెలల కిందట, మూడో తారీఖున మొదలయ్యాయి. ఆదివారాలు లేవు. పదమూడు నుంచి పదహారు దాకా లేవు. పదిహేడున మాత్రం రెట్టింపు లావున ఉంది. ఆ నాలుగు రోజులూ ఏమైంది?"

ఆ నాలుగు రోజులూ ఏమైందో ఆరాకి తెలుసు. తలుపు దగ్గర పరుపు మీద జ్వరంతో పడుంది. మూడో తారీఖున తను మొదటిసారి ఈ గడ్డిలో నిలబడింది. ఆదివారాలు రాదు.

రిజిస్టరులో అన్నీ వెతికింది. తనను తప్ప.

ముఖంలోకి వేడి ఎలా ఎక్కిందంటే, డ్రమ్ము దగ్గర నిలబడి ఉంటే గీత కాగితం దాటిపోయేది.

"సార్," అంది, "మూడో పాయింటు వెనక్కి తీసుకుంటున్నాను."

"ఎందుకు?"

"కారణం దొరికింది సార్."

"ఏమిటది?"

ఆరా నేల చూసింది. హెడ్డుగారు ఆమెను చూశారు, అతని చెవులు చూశారు, గేటు దగ్గర బాబాయ్ ముసిముసి నవ్వు చూశారు. రిజిస్టరు అతని చేతికిచ్చి, కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు.

"రిజిస్టరు ప్రభుత్వ పత్రం," అన్నారు గంభీరంగా, గొడుగు విప్పుతూ. "వాతావరణానికి సంబంధించని గుర్తులు ఇంకుతో పెట్టకూడదు." గేటు దాటాక వెనక్కి తిరక్కుండానే అన్నారు, "పెన్సిల్‌తో పెట్టుకో."

ఆయన కనుమరుగయ్యాక మొదటి చినుకు పడింది. అతను చేతి గడియారం చూసుకున్నాడు. ఏడూ ముప్పై రెండు.

"రెండు నెలలుగా చెప్పొచ్చుగా," అంది ఆరా.

"నువ్వు నోట్‌బుక్ తెరిచి నిలబడేదానివి. ఏం చెప్పినా రాసుకుంటావని భయం."

"ఇప్పుడు చెప్పు. రాసుకోను."

చినుకులు పెద్దవయ్యాయి. అతను రిజిస్టరును చొక్కాలో దాచుకున్నాడు. "నువ్వు రాని నాలుగు రోజులూ మబ్బు సరిగ్గానే లెక్కేశాను," అన్నాడు. "కానీ రెండోసారి చూడబుద్ధి కాలేదు."

అతని లెక్కన అది చాలా పెద్ద ఉపన్యాసం. ఆరా ఆరా తీయడానికి అందులో ఏమీ మిగల్లేదు.

*

సాయంత్రం ఏడున్నరకు వసారాలో స్టవ్వు వెలిగింది. ఆరా హాస్టల్ నుంచి తన కంచం తనే తెచ్చుకుంది. పెద్దక్క ఎక్కడికని అడగలేదు, కంచం తుడిచి చేతికిచ్చింది. బాబాయ్ తన వాటా తీసుకుని వెళ్లి, వాళ్లకు వీపు తిప్పి, కంచె వైపు తిరిగి కూర్చున్నాడు.

వాన కురుస్తూనే ఉంది. చూరునీళ్లు ముందు ధారకట్టాయి. లోపల అల్మరాలో డ్రమ్ము తిరుగుతోంది. తెరిచిన తలుపులోంచి గీత కనిపిస్తోంది. ఏడున్నర దాటింది, ఎనిమిదైంది. గీత లేవలేదు. తిన్నగా పోతోంది.

అన్నం వేడిగా ఉంది. ఉల్లిపాయ కూర బాగా వేగింది. అందులో ఉప్పు లేదు.

ఆరా మొదటి ముద్దకే గమనించింది. అతనూ గమనించాడని, ముద్ద మింగకుండా ఆగిన తీరులో తెలిసింది. తలెత్తి ఆమె వైపు చూశాడు, ప్రశ్న ఎప్పుడొస్తుందా అని.

ఆమె అడగలేదు. రెండో ముద్ద కలుపుకుంది. అతను కొంచెం పక్కకు జరిగి, చూరునీళ్లు ఆమె కంచంలో చిందకుండా అడ్డం కూర్చున్నాడు. ఇద్దరూ ఆ చప్పటి కూరతో, ఒక్క మాటా లేకుండా, కంచాలు ఖాళీ అయ్యేదాకా తిన్నారు.